ఫోర్ వీల్ డ్రైవ్ బండికి పట్టు టైరులోనే

వానాకాలంలో పాడేరు, అరకు వైపు ఏజెన్సీ గ్రామాలకు వెళ్లే జీపు ఒక్క ప్రయాణంలోనే మూడు నాలుగు రకాల నేలల మీద నడవాల్సి వస్తుంది. మొదట నున్నటి తారు రోడ్డు, తర్వాత తడిసిన ఘాట్ మలుపులు, ఆపైన కంకర తేలిన దారి, ఊరు దగ్గరపడేసరికి బురద. ఇలాంటి దారుల్లో తిరిగేవారు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటారు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది కాబట్టి ఇక జారే భయం లేదనుకుంటారు. ఈ నమ్మకం సగమే నిజం.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉపయోగపడేది బండిని ముందుకు లాగడానికి. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో కూడా నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. అక్కడ ఈ బండికి అదనపు బలమేమీ ఉండదు. పైగా బరువు ఎక్కువ. కాబట్టి బండి ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో నిలుస్తుందా లేదా అన్నది ప్రధానంగా టైరుకూ నేలకూ మధ్య ఉండే పట్టు మీద ఆధారపడి ఉంటుంది.

నేలను తాకేది ఎంత?

రెండు టన్నుల బండిలో ఒక్కో చక్రంపై సుమారు 500 కిలోల బరువు పడుతుంది. టైరులో 33 పీఎస్ఐ గాలి ఉందనుకుంటే, బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే నేలను తాకే వైశాల్యం సుమారు 215 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఏ4 కాగితంలో మూడో వంతు. టైరు పక్క గోడల గట్టిదనం వల్ల అసలు విలువ కొంత మారవచ్చు కానీ అంచనాకు ఈ లెక్క సరిపోతుంది. బండి మొత్తాన్ని నేలకు పట్టి ఉంచేవి ఇలాంటి నాలుగు ముక్కలే.

ఆ కాస్త చోటులో ఎంత రబ్బరు ఉండాలి, ఎంత ఖాళీ ఉండాలన్నదే ట్రెడ్ రూపకల్పనలో అసలు ప్రశ్న. హైవే టైరులో రబ్బరు ఎక్కువ, గాడులు సన్నం. మడ్ టైరులో పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు. ఆల్ టెర్రైన్ టైరు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. అన్నిచోట్లా ఫరవాలేదనిపించడం దాని బలం. ఏ ఒక్కచోటా అన్నిటికన్నా మిన్న కాకపోవడం దాని పరిమితి.

నేలను బట్టి సూత్రం

తడి తారు రోడ్డు మీద నీటిని పక్కకు తోసి, రబ్బరును రోడ్డుకు ఆనించాలి. ఇందుకు గాడులతో పాటు దిమ్మెల మీద ఉండే సన్నని చీలికలు తోడ్పడతాయి. కానీ పొడవైన, విడివిడి దిమ్మెలు బ్రేకు వేసినప్పుడు వంగిపోతాయి. అందుకే తడి తారు మీద ఆల్ టెర్రైన్ టైర్లున్న బండి ఆగడానికి మంచి హైవే టైర్ల కంటే సాధారణంగా ఎక్కువ దూరం తీసుకుంటుంది.

నల్లరేగడి బురదలో కథ వేరు. ఈ మట్టిలోని మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమన్ను నీరు పీల్చుకుని ఉబ్బి, జిగురులా అంటుకుంటుంది. గాడులు మట్టితో నిండిపోతే ఎంత మంచి టైరైనా బోడి టైరుతో సమానం. చక్రం తిరిగే వేగానికి ఆ మట్టి ఊడిపోవాలంటే ఖాళీలు వెడల్పుగా ఉండాలి. లోతైన రేగడిలో ఆల్ టెర్రైన్ టైరు కూడా చేతులెత్తేస్తుంది. అక్కడ మడ్ టైరుదే పైచేయి.

ఇసుకలో లోతైన దిమ్మెలు మేలు చేయకపోగా గుంత తవ్వేస్తాయి. అక్కడ కావలసింది తేలడం. గాలిని 18 పీఎస్ఐకి తగ్గిస్తే, పై లెక్క ప్రకారం నేలను తాకే వైశాల్యం 395 చదరపు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అయితే తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపడం మరిచిపోకూడదు. గాలి తక్కువైతే పక్క గోడలు పదేపదే వంగి వేడెక్కుతాయి, టైరు పేలిపోవచ్చు. వాన పడుతుంటే మరో ప్రమాదం. టైరు నీటిపై పూర్తిగా తేలిపోయే వేగం గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుందని నాసా శాస్త్రవేత్తలు 1963లో చూపారు. వారి సూత్రం ప్రకారం, గాడులు తోడలేనంత నీరు రోడ్డుపై నిలిచినప్పుడు ఆ వేగం 33 పీఎస్ఐ వద్ద గంటకు సుమారు 95 కిలోమీటర్లు. 18 పీఎస్ఐ వద్ద అది 70కి పడిపోతుంది.

లద్దాఖ్ వంటి చోట్ల పదునైన రాళ్లు టైరు పక్క గోడలను కోస్తాయి. అక్కడ ఎక్కువ పొరలతో చేసిన ఎల్‌టీ రకం, అంటే లైట్ ట్రక్ టైర్లు ఆదుకుంటాయి. మంచులో తిరిగేవారు టైరు మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచు రేకు ఉన్న గుర్తు వెతకాలి. మంచు మీద పరీక్షించి ఇచ్చే గుర్తు అది. ‘ఎం+ఎస్’ అన్న అక్షరాలకు అలాంటి పరీక్ష తప్పనిసరి కాదు.

రబ్బరులోని రహస్యం

ట్రెడ్ ఒకేలా కనిపించే రెండు టైర్ల పట్టు ఒకేలా ఉండాలని లేదు. సహజ రబ్బరును బాగా సాగదీస్తే దాని అణువుల గొలుసులు వరుసకట్టి స్ఫటికాల్లా మారతాయి. దీనివల్ల చీలిక ముందుకు పాకకుండా ఆగుతుంది. రాళ్ల దారి టైర్లకు ఈ గుణం అవసరం. టైరు తిరుగుతూ నలిగినప్పుడల్లా కొంత శక్తి వేడిగా పోతుంది, ఆ మేరకు ఇంధనం ఖర్చవుతుంది. ట్రెడ్‌లో సిలికా కలిపితే ఈ నష్టం తగ్గి, తడిలో పట్టు పెరుగుతుంది. బరువైన, మందపాటి ఆల్ టెర్రైన్ టైర్లు వేస్తే మైలేజీ కొంత తగ్గడానికి, రొద పెరగడానికి సిద్ధపడాల్సిందే.

టైరు మీది రాత

‘265/65 ఆర్17 112ఎస్’ అని ఉందనుకుందాం. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం. ‘ఆర్’ అంటే రేడియల్, 17 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోయగలదని, ‘ఎస్’ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితి అని అర్థం. చివర్లో ‘2324’ లాంటి నాలుగంకెలు ఉంటే 2024లో 23వ వారం తయారైందని తెలుసుకోవాలి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

గంభీరంగా కనిపించాలని 65 బదులు 70 వేయిస్తే టైరు వ్యాసం 776 నుంచి 803 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు స్పీడోమీటరు చూపే వేగం కంటే బండి 3.4 శాతం ఎక్కువ వేగంతో పోతుంది. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి భాగాలకు రాసుకోవచ్చు కూడా. అందుకే తయారీదారు సూచించిన కొలతలు దాటకపోవడం మంచిది. ముందు వెనుక చక్రాల వ్యాసాల్లో తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్లు, షాఫ్టుల మీద అనవసరపు ఒత్తిడి పడుతుంది. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదలతో ఉండాలి. స్టెప్నీ కూడా అదే కొలతది కావాలి.

ఎంపిక ఎలా?

కొనే ముందు గత ఏడాది బండి ఎక్కడెక్కడ తిరిగిందో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. ఎక్కువ భాగం తారు రోడ్డే అయి, అప్పుడప్పుడూ పొలం దారి పట్టేవారికి మంచి హైవే టైరే క్షేమం. రోజూ తారు, కంకర, తేలిక బురద కలిసి ఉంటే ఆల్ టెర్రైన్ సరైనది. ఏడాదిలో ఎక్కువ రోజులు లోతైన బురదలోనే పని ఉంటే మడ్ టైరు. ఏది కొన్నా నెలకోసారైనా టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవాలి. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును చట్టం ఒప్పుకోదు. వానాకాలపు ఘాట్ రోడ్లలో తిరిగేవారు ఆ గీత దాకా ఆగకుండా ముందే మార్చుకోవడం ప్రాణానికి రక్ష.

బానెట్ కింద ఎన్ని హార్స్‌పవర్లు ఉన్నా, మలుపులో ఎదురుగా మనిషి కనిపించినప్పుడు బండిని ఆపాల్సింది మూడో వంతు కాగితమంత ఆ నాలుగు రబ్బరు ముక్కలే.