తాళం తీసిన ఇంట్లో చెమ్మ వాసన: ఆ నీరు ఎక్కడిది?

దగ్గు, ఆయాసం, ఆగని తుమ్ములతో వచ్చినవారిని డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఒకటి కొందరికి వింతగా అనిపిస్తుంది. “మీ ఇంట్లో గోడలకు చెమ్మ ఉందా?” అని. ఊపిరితిత్తులకూ గోడకూ ఏమిటి సంబంధం అనుకుంటారు. సంబంధం ఉంది. ముఖ్యంగా కొన్ని నెలలు తాళం వేసి ఉంచిన ఇళ్ళలో ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది.

పిల్లల దగ్గరకని అమెరికా వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చేవారు, ఉద్యోగరీత్యా పట్నంలో ఉంటూ పండుగలకు మాత్రమే సొంతూరు వెళ్ళేవారు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. తాళం తీయగానే ముక్కుకు తగిలే ముక్క వాసన, బీరువాలో పట్టుచీరల మీద తెల్లటి మచ్చలు, గోడ మూలలో నల్లటి చారలు వీరికి కొత్త కాదు. వెంటనే పెయింటరును పిలుస్తారు. గోడ కొత్తగా మెరుస్తుంది. మళ్ళీ వానాకాలానికి మచ్చ అక్కడే లేస్తుంది. చెమ్మ కూడా జ్వరం లాంటిదే. అది లక్షణం. కారణం కనుక్కోకుండా వేసే పెయింటు, కారణం తెలియకుండా జ్వరానికి వేసుకునే మాత్ర వంటిదే.

చెమ్మ వల్ల ఆరోగ్యానికి ఏమవుతుంది?

తడి ఆరని గోడ మీద బూజు పెరుగుతుంది. ఇక్కడ బూజు అంటే సాలెగూడు కాదు. నిలవ రొట్టె మీద, తోలు చెప్పుల మీద, పాత పుస్తకాల మీద మొలిచే ఫంగస్. దాని నుంచి కంటికి కనబడని విత్తుల వంటి కణాలు గాలిలోకి లేస్తాయి. వాటిని పీల్చినప్పుడు కొందరికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళు దురద వస్తాయి. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో నివసించేవారికి ఊపిరి సంబంధమైన బాధలు, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

2020 డిసెంబరులో ఇంగ్లాండులోని రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు చనిపోయాడు. ఇంట్లోని బూజును దీర్ఘకాలం పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాసకోశ సమస్యే కారణమని 2022లో అక్కడి విచారణాధికారి తేల్చారు. ఆ బాబు పేరుతోనే అద్దె ఇళ్ళలో చెమ్మను సకాలంలో బాగుచేయించే చట్టం వచ్చింది. అందరికీ అంత ప్రమాదం ఉండదు. కానీ పసిపిల్లలు, వృద్ధులు, ఆస్తమా ఉన్నవారు, కేన్సరుకు మందులు వాడుతున్నవారు, పూర్వం టి.బి. వచ్చి ఊపిరితిత్తిలో గుంట మిగిలినవారు జాగ్రత్తగా ఉండాలి.

ఒక భయాన్ని ఇక్కడే తీర్చాలి. 2021లో కోవిడ్ సమయంలో విన్న “బ్లాక్ ఫంగస్” జబ్బూ, గోడ మీది నల్లటి బూజూ ఒకటి కావు. ఆ జబ్బులో నలుపు చనిపోయిన కణజాలానిది, ఫంగస్ రంగు కాదు. అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్ల వాడకం దానికి ముఖ్య కారణాలు. గోడ మీద నల్లమచ్చ చూసి ఆ జబ్బు వచ్చేస్తుందని బెంగపడనక్కరలేదు. అలాగని మచ్చను వదిలేయనూ కూడదు.

నీరు వచ్చే దారులు నాలుగు

ఇంట్లోకి చెమ్మ నాలుగు దారుల్లో వస్తుంది.

1. వాన నీరు: స్లాబు పగుళ్ళు, పిట్టగోడ, కిటికీ సన్‌షేడ్, గోడ బీటల గుండా లోపలికి దిగుతుంది. డాబా మీద నీరు పోయే గొట్టానికి వేపాకులు అడ్డుపడి నీరు నిలిచినా ఇదే జరుగుతుంది.

2. నేల నుంచి ఎక్కే నీరు: దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక గోడ నేలలోని తడిని పైకి పీలుస్తుంది.

3. పైపుల నీరు: గోడలో కప్పేసిన పైపు జాయింటు, బాత్‌రూమ్ నేల, ఓవర్‌హెడ్ ట్యాంకు కారడం.

4. గాలిలోని తేమ: చల్లని చెంబు బయట నీటి చుక్కలు పట్టినట్టే చల్లని గోడ మీద గాలిలోని ఆవిరి నీరవుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల చల్లని గోడను తాకితే చాలు, చెమర్చడం మొదలవుతుంది. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో ఇది మామూలు. పక్కగదిలో ఏ.సి. 22 డిగ్రీలలో రోజంతా నడిస్తే ఇవతలి గోడ అందుకే తడుస్తుంది. మూసి ఉంచిన ఇంట్లో గాలి కదలదు కాబట్టి ఆ తడి ఆరదు.

మచ్చ ఉన్న చోటే మొదటి సాక్ష్యం

గోడను కడగకముందు ఒకసారి తీరికగా చూడండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పట్టీలా తడి ఉండి, తెల్లటి ఉప్పు పొర లేచి, సున్నం పొడిలా రాలుతుంటే నేల చెమ్మ అని అనుమానించాలి. నేల నీరు సాధారణంగా మూడు నాలుగు అడుగులు దాటి ఎక్కదు. సీలింగు మీద గుండ్రటి గోధుమరంగు మరక ఉంటే పైనుంచి దిగుతున్న నీరు. కిటికీ కింది మూలల్లో ఉంటే సన్‌షేడ్ లేదా చట్రం చుట్టూ ఉన్న సందు. వానకూ ఎండకూ తేడా లేకుండా ఒకేచోట ఎప్పుడూ తడిగా ఉంటే పైపు. బీరువా వెనుక, మంచం వెనుక, గది మూలల్లో నల్లటి చుక్కలు చల్లినట్టు ఉంటే గాలిలోని తేమ.

తరువాత మచ్చ అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాయండి. వాన పడిన మర్నాడు ఒకసారి, నాలుగు రోజులు ఎండ కాసిన తరువాత ఒకసారి చూడండి. గీత దాటి పెరిగిందా, లోపలికి తగ్గిందా అన్నదే మీకు చాలా సంగతులు చెబుతుంది.

ఇంట్లోనే చేసుకోగల మూడు పరీక్షలు

పాలిథిన్ పరీక్ష: అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని మచ్చ మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. గదివైపు తడి ఉంటే అది గాలిలోని తేమ. కాగితం వెనుక, గోడవైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది.

ట్యాంకు పరీక్ష: రాత్రి పడుకునే ముందు అన్ని కుళాయిలూ కట్టేసి, మోటారు వేయకుండా, ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టండి. తెల్లవారి కుళాయి విప్పకముందే మళ్ళీ చూడండి. తగ్గితే ఎక్కడో కారుతోంది.

డాబా పరీక్ష: వానలు లేని రోజుల్లో డాబా మీద నీరు పోయే గొట్టాన్ని గుడ్డతో మూసి అంగుళం ఎత్తున నీళ్ళు నిలిపి ఒక రోజు ఉంచండి. కింద మరక తడిస్తే స్లాబులో లోపం ఉన్నట్టు. పాతబడి ఇనుము బయటపడిన స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. మేస్త్రీకి చూపించండి.

ఒక్కొక్క పరీక్షా విడిగా చేయండి. అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల తడిసిందో తేలదు.

ఒక ఇంటి కథగా చూద్దాం

ఇలాంటి ఇల్లు ఒకటి ఊహించుకోండి. రెండు పడకగదుల డాబా. భార్యాభర్తలు ఐదు నెలలు ఊళ్ళో లేరు. తిరిగి వచ్చేసరికి పడకగది గోడకు బీరువా వెనుక పెద్ద నల్లమచ్చ. అక్కడ పడుకున్న మూడో రాత్రి నుంచే ఆమెకు ఆయాసం. ఇన్‌హేలర్ రోజుకు రెండుసార్ల నుంచి ఐదుసార్లకు పెరిగింది. ఇల్లు మూసి ఉండడం వల్ల పట్టిన బూజేనని తుడిచి, వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించారు. రెండు నెలల్లో పెయింటు బుడగలా ఉబ్బి ఊడింది.

ఇప్పుడు సాక్ష్యాలు చూద్దాం. మచ్చ ఐదడుగుల ఎత్తున ఉంది, కింద గోడ పొడిగా ఉంది. కాబట్టి నేల చెమ్మ కాదు. వానకు పెరగలేదు, ఎండకు తగ్గలేదు. కాబట్టి స్లాబు కాదు. పాలిథిన్ వెనుకవైపు తడిసింది. కాబట్టి గాలి తేమ కాదు. ఇక మిగిలింది పైపు. గోడకు అవతల బాత్‌రూమ్ ఉంది. ట్యాంకు పరీక్ష చేస్తే రాత్రికి రాత్రి అర అంగుళం తగ్గింది. వెయ్యి లీటర్ల ట్యాంకులో అర అంగుళమంటే సుమారు పది లీటర్లు. మర్నాడు రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్ళే వాల్వు కట్టేసి చూస్తే మట్టం తగ్గలేదు. రెండు టైల్స్ తీయించగానే కారుతున్న జాయింటు బయటపడింది.

అప్పుడు వారికి మరో సంగతి గుర్తుకొస్తుంది. వెళ్ళేటప్పుడు నిండుగా ఉన్న ట్యాంకు, వచ్చేసరికి ఖాళీ. ఎండకు ఆవిరైపోయిందనుకున్నారు. మూత పెట్టిన ట్యాంకులో వెయ్యి లీటర్లు అలా ఆవిరైపోవు. ఆ నీరంతా చుక్క చుక్కగా గోడలోకే వెళ్ళింది. మొదటిరోజే కనిపించిన సాక్ష్యం అది.

లేవీయకాండములోని ఇల్లు

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పట్టిన పొడను గురించి చదివినవారికి ఈ వరుస కొత్తగా ఉండదు. ముందు ఇల్లు ఖాళీ చేయించాలి. యాజకుడు వచ్చి పచ్చని, ఎర్రని చారలు గోడ లోతుకు దిగాయేమో చూడాలి. ఇల్లు ఏడు రోజులు మూసి ఉంచి మళ్ళీ చూడాలి. వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీసి, చుట్టూ గీకించి, కొత్తగా పూత పూయాలి. చూడడం, ఆగడం, మళ్ళీ చూడడం, ఆ తరువాతే పూత. నేటి ఇంజనీరు చెప్పే వరుస కూడా ఇదే.

బూజు తుడిచేటప్పుడు

• నీరు ఆగిన తరువాతే తుడవాలి. ఆస్తమా ఉన్నవారూ, పిల్లలూ ఆ గదిలో ఉండకూడదు.

• పొడి చీపురుతో దులపవద్దు. కణాలన్నీ గాలిలోకి లేస్తాయి. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, సబ్బు నీటితో తడిపి తుడవండి. ఆ గుడ్డలు పారేయండి.

• బ్లీచింగ్ వాడితే దానిలో యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

• గోడ ఆరాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఫ్యాను, తెరిచిన కిటికీ చాలు.

• నాఫ్తలిన్ గోలీలు వాసనను కప్పుతాయి, చెమ్మను తీయవు.

• తడిసిన పరుపు, దిండు ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఎండకపోతే వదిలించుకోవడమే మంచిది.

మళ్ళీ తాళం వేసే ముందు

ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే గేట్ వాల్వు కట్టేయండి. డాబా గొట్టాల్లో ఆకులు తీయించండి. బీరువా, మంచం గోడకు జానెడు దూరం జరపండి. పూర్తిగా ఆరని బట్టలు బీరువాలో పెట్టవద్దు. వెంటిలేటర్లు మూయవద్దు, వాటికి దోమల జాలీ కొట్టించండి. నమ్మకమైన బంధువుకో పొరుగువారికో తాళంచెవి ఇచ్చి, పదిహేను రోజులకొకసారి, వాన లేని రోజున కిటికీలు తెరిచి గంటసేపు ఫ్యాన్లు వేయమని అడగండి. పెద్దవాన తరువాత సీలింగు ఒకసారి చూడమని చెప్పండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

ఇంట్లో ఉన్నప్పుడు పెరిగి, వేరే ఊరు వెళ్తే తగ్గే దగ్గు, రాత్రిళ్ళు పిల్లికూతలు, ఇన్‌హేలర్ వాడకం పెరగడం ఉంటే ఆలస్యం చేయకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష తప్పనిసరి. చెమ్మ ఉంది కదా అని టి.బి. పరీక్ష మానుకోవద్దు. దగ్గులో రక్తం పడినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు మీ గోడ మచ్చ ఎక్కడుందో, ఎప్పటి నుంచి ఉందో కూడా డాక్టరుకు చెప్పండి. మీరు పెన్సిలుతో రాసిన తేదీ అప్పుడు ఉపయోగపడుతుంది.