మీకు తెలుసా? స్పోర్ట్స్ కారుకు ఆ రంగే ఎందుకు?

స్పోర్ట్స్ కారు అనగానే మీకు ఏ రంగు గుర్తొచ్చింది? ఎరుపేనా? ఒక్కో రంగు వెనక ఒక్కో కథ ఉంది: ఒకచోట దేశాభిమానం, ఒకచోట పంతం, ఇంకోచోట ఏకంగా ఓ సీతాకోకచిలుక! పెద్దలూ పిల్లలూ కలిసి చదువుకోండి.

★ ఒకప్పుడు దూరం నుంచి రంగు చూసే రేసు కారు ఏ దేశానిదో చెప్పేసేవారు! ఇటలీకి ఎరుపు, ఫ్రాన్స్‌కు నీలం, బ్రిటన్‌కు ఆకుపచ్చ, బెల్జియానికి పసుపు అని పంచుకున్నారు. ఫెరారీ ఎరుపు, బుగాటీ నీలం అలా వచ్చినవే.

★ బ్రిటన్ ఆకుపచ్చ వెనక ఉన్నది ఐర్లాండ్ అని చెబుతారు! 1903లో గోర్డన్ బెనెట్ కప్ రేసు బ్రిటన్ రోడ్ల మీద జరపడానికి చట్టం ఒప్పుకోలేదు. అందుకే ఐర్లాండ్‌లో పెట్టి, ఆ పచ్చని నేల మీద గౌరవంతో కార్లకు పచ్చరంగు పూశారట.

★ ఒకే ఒక్క కిలో బరువు జర్మనీ రంగును మార్చేసిందంటే నమ్ముతారా? 1934లో రేసు కారు 750 కిలోలు మించకూడదు. మెర్సిడెస్ 751 తూగేసరికి రాత్రికి రాత్రే తెల్లరంగు గీకేశామని, లోపలి లోహం వెండిలా మెరిసిందని జట్టు మేనేజర్ ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బావర్ చెప్పేవాడు. చరిత్రకారుల్లో చాలామంది ఈ కథను ఒప్పుకోరు కానీ, ‘సిల్వర్ యారోస్’ అన్న పేరు మాత్రం నిలిచిపోయింది!

★ సరిగ్గా 89 ఏళ్ల తర్వాత మెర్సిడెస్ నిజంగానే బరువు కోసం రంగును వదులుకుంది! 2023 ఫార్ములా వన్ కారుకు చాలాచోట్ల పెయింటే వేయకుండా నల్లటి కార్బన్ ఫైబర్‌ను అలాగే వదిలేసింది.

★ ఎరుపుకు మారుపేరైన ఫెరారీ ఒక ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను నీలం-తెలుపు రంగుల్లో గెలిచింది! 1964లో ఇటలీ మోటార్ క్రీడాధికారుల మీద కోపం వచ్చిన ఎంజో ఫెరారీ, ఆ ఏడాది చివరి రెండు రేసులకు ఎరుపు వేయనని పంతం పట్టాడు. ఫెరారీ డ్రైవర్ జాన్ సర్టీస్ టైటిల్ ఖాయం చేసుకున్నది ఆ రంగుల కారులోనే.

★ మరి ఫెరారీ బ్యాడ్జి మీద నల్లగుర్రం వెనక పసుపు ఎందుకుంది? అది ఎంజో పుట్టిన మోడెనా నగరం రంగు!

★ 1990ల మొదట్లో అమ్ముడైన ఫెరారీల్లో నూటికి 85 ఎర్రనివే! 2012 నాటికి ఆ లెక్క 45కు దిగింది. కొనేవాళ్లు పసుపు, నలుపు, బూడిద అడగడం మొదలుపెట్టారు మరి.

★ ఫెరారీ ఎఫ్40ని దగ్గరికెళ్లి చూస్తే ఎర్రరంగు కిందున్న నేత కనిపిస్తుంది! బరువు తగ్గాలని పూత అంత పలచగా వేశారు. కింద ఉన్న కార్బన్-కెవ్లార్ అల్లిక గళ్లుగళ్లుగా పైకి తేలుతుంది.

★ 1953లో తయారైన మొట్టమొదటి కార్వెట్ స్పోర్ట్స్ కార్లు 300. వాటిలో ఎన్ని రంగులున్నాయో చెప్పగలరా? ఒక్కటే! అన్నీ తెల్లనివే, లోపల సీట్లు అన్నీ ఎర్రనివే.

★ డబ్బాలో పెయింట్ ఒక్కటే, పేర్లు మాత్రం రెండు! 1970 ప్రాంతంలో అమెరికాలో ఒకే నారింజ రంగును డాడ్జ్ కారు మీద ‘గో మ్యాంగో’ అని, దాని సోదర కంపెనీ ప్లిమత్ కారు మీద ‘విటమిన్ సి’ అని అమ్మారు. కుర్రకారు తమ మోడల్ వేరే అనుకోవాలి కదా!

★ అన్నదమ్ముల్లాంటి రెండు మోడళ్లకు కావాలనే వేర్వేరు రంగులు ఇస్తారు! 2020లో బీఎండబ్ల్యూ ఎం3ని ‘ఐల్ ఆఫ్ మ్యాన్ గ్రీన్’లో, ఎం4ని ‘సావో పాలో యెల్లో’లో లోకానికి చూపించింది. ఫొటో చూడగానే ఏది ఏదో తెలియాలి, ఆ రంగే ఆ మోడల్‌కు గుర్తుగా ఉండిపోవాలి.

★ బీఎండబ్ల్యూ ఎం కార్ల రంగుల పట్టిక చదివితే ప్రపంచంలోని రేసు ట్రాకులన్నీ చుట్టివచ్చినట్టే! ఇమోలా రెడ్, ఎస్టోరిల్ బ్లూ, ఇంటర్‌లాగోస్ బ్లూ, లగూనా సెకా బ్లూ... అన్నీ ట్రాకుల పేర్లే.

★ హోండా టైప్ ఆర్ కార్ల తెలుపు ఒక విజయానికి గుర్తు! 1965లో మెక్సికోలో హోండాకు తొలి ఫార్ములా వన్ గెలుపు తెచ్చిపెట్టిన కారు తెల్లనిది. అందుకే ఆ రంగుకు ‘ఛాంపియన్‌షిప్ వైట్’ అని పేరు పెట్టారు.

★ రేసు కారుకు బొప్పాయి రంగు! 1967లో బ్రూస్ మెక్‌లారెన్ తన కార్లను ఆ పండు రంగులో దింపాడు. ఇప్పటికీ మెక్‌లారెన్ ఫార్ములా వన్ కార్లలో మెరిసేది ఆ రంగే.

★ అమెరికా రేసర్లకు ఆకుపచ్చ అంటే హడల్! ఆ రంగు అరిష్టమని తరతరాలుగా నమ్మారు. 1965లో జిమ్ క్లార్క్ పచ్చని లోటస్‌తో ఇండియానాపొలిస్ 500 గెలిచి ఆ భయాన్ని గాలికి వదిలేశాడు!

★ గంటకు 300 కిలోమీటర్లు దాటి దూసుకెళ్లే గులాబీ పందిని చూశారా? 1971 లే మాన్స్ రేసులో వెడల్పుగా, బొద్దుగా ఉన్న పోర్షె 917/20కి గులాబీ రంగు వేసి, మాంసం కొట్టువాడు గీసినట్టు ఒంటినిండా ముక్కల గీతలు గీశారు. 2018లో అదే వేషంతో వచ్చిన పోర్షె 911 తన తరగతిలో గెలిచింది!

★ లెక్సస్ ఎల్‌సీ కారుకు వేసిన ఒక నీలం తయారు చేయడానికి 15 ఏళ్లు పట్టింది! మార్ఫో సీతాకోకచిలుక రెక్కల్లో నీలిరంగు పదార్థమే ఉండదు. రెక్క మీది అతి చిన్న పొరలు నీలి కాంతినే వెనక్కి కొడతాయి. పెయింట్‌లోనూ అదే కిటుకు వాడారు.

★ చూసే కోణాన్ని బట్టి పచ్చ, నీలం, ఊదాగా మారిపోయే మస్టాంగ్‌లు 2004లో వచ్చాయి. ఎన్నో తెలుసా? కేవలం 1,010! ఆ పెయింట్ బయటి చేతుల్లో పడకుండా ఫోర్డ్ గట్టి కాపలా పెట్టింది.

★ జపాన్‌లో సునామీ వస్తే అమెరికాలో కార్ల రంగులు ఆగిపోయాయి! కొన్ని రంగులకు ప్రత్యేకమైన తళుకునిచ్చే జిరాలిక్ అనే పదార్థం అప్పట్లో ప్రపంచం మొత్తానికీ ఒనహామాలోని ఒకే ఒక్క ఫ్యాక్టరీలో తయారయ్యేది. 2011లో అది మూతపడగానే ఫోర్డ్, క్రైస్లర్ కొన్ని నలుపు, ఎరుపు రంగులకు ఆర్డర్లు ఆపేశాయి.

★ ముత్యంలా మెరిసే కారు రంగులో సాధారణంగా దాగి ఉండేది అభ్రకం! అవును, మన గూడూరు గనుల్లో దొరికే ఖనిజమే. రేకుల్లా విడిపోయే దాన్ని మెత్తగా పొడి చేసి, పైన సన్నటి పూత వేసి పెయింట్‌లో కలుపుతారు.

★ కోట్ల యంత్రాలున్న పెయింట్ షాపులో దుమ్ము దులిపేది ఈకలు! పూతకు ముందు కారు బాడీని చాలా ఫ్యాక్టరీల్లో ఈము లేదా నిప్పుకోడి ఈకలు బిగించిన యంత్రంతో తుడుస్తారు. మెత్తటి ఈక గీత పడనివ్వకుండా ధూళిని లాగేస్తుంది.

★ పెయింట్ షాపుకు వెళ్లేవాళ్లు కొన్ని రకాల డియోడరెంట్లు పూసుకోకూడదు! వాటిలోని సిలికాన్ రవ్వంత తగిలినా పూత అక్కడ అతుక్కోక చేపకన్ను లాంటి గుంట పడుతుంది.

★ వేగం ఎవరిది ఎక్కువ: స్పోర్ట్స్ కారు ఇంజనుదా, దానికి రంగు వేసే పరికరానిదా? రంగు వేసేదానిదే! ఫెరారీ 458 ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే, పెయింట్‌ను తుంపరగా చిమ్మే గంట ఆకారపు పళ్లెం 30,000 చుట్లు సునాయాసంగా దాటేస్తుంది.

★ ఇంత హంగామా చేసి వేసే పూతలన్నీ కలిపితే మందం ఎంత? దాదాపు ఒక కాగితమంత! తుప్పు పట్టనివ్వని పొర, ప్రైమర్, రంగు, పైన గాజులాంటి క్లియర్ కోట్... నాలుగూ అందులోనే ఇమిడిపోతాయి.

★ కారు పెయింట్‌తో ఉంగరాలు, లాకెట్లు చేస్తారు! పాత రోజుల్లో ఫ్యాక్టరీ పట్టాల మీద పడిన పెయింట్ ఏళ్ల తరబడి ఓవెన్ల వేడికి పొరల మీద పొరలుగా గట్టిపడింది. కోసి సానపడితే ఎరుపు, పసుపు, నీలం చారలు బయటపడతాయి. దీని పేరు ఫోర్డైట్.

★ డిజైనర్లు కొత్త రంగును చదునైన పలక మీద చూసి ఒప్పుకోరు! చేతిలో పట్టేంత ఒంపుల బొమ్మ మీద పూసి, ఎండలో, నీడలో అటూ ఇటూ తిప్పి చూస్తారు. కారు మార్కెట్‌లోకి రావడానికి కొన్నేళ్ల ముందే ఈ పని మొదలవుతుంది.

★ మీట నొక్కితే చాలు, కారు రంగు మారిపోతుంది! బీఎండబ్ల్యూ 2023లో చూపించిన ప్రయోగాత్మక కారు ఒంటి మీద 240 ఈ-ఇంక్ ముక్కలున్నాయి, ఒక్కోటీ 32 రంగుల్లోకి మారగలదు.

★ ఇన్ని రంగులున్నా రోడ్ల మీదికి వచ్చే కొత్త కార్లలో ఐదింట నాలుగు తెలుపు, నలుపు, బూడిద, వెండి రంగులవే! వాటిలో కొన్నేళ్లుగా అన్నిటికన్నా ముందున్నది తెలుపే.

ఇక మీ వంతు! ఈసారి మెరిసే కారు ఏది కనిపించినా ఎండలో ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కనుంచి చూడండి. ఒంపు దగ్గర రంగు మారినట్టు కనిపిస్తే, అందులో అభ్రకమో లోహపు రేకులో ఉన్నట్టే. మీ పిల్లలకూ చూపించండి, కారణం వాళ్లనే చెప్పమనండి!