కృత్రిమ మేధస్సు: మన యువత ఉద్యోగములు, నేర్చుకొను విధానము

ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుప్రక్కల కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ శిక్షణా సంస్థలు కిక్కిరిసి యున్నవి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చి, హాస్టళ్ళలో ఉండి అక్కడ చదువుకొను యువతలో మన సంఘముల బిడ్డలు కూడ ఉన్నారు. "అయ్యగారూ, మావాణ్ణి ఏ కోర్సులో చేర్చమంటారు?" అని తల్లిదండ్రులు తరచుగా కాపరినే అడుగుదురు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ఈ ప్రశ్నకు పాత జవాబు సరిపోవుట లేదు.

విస్తారమైన వ్రాతల నుండి నేర్చిన ఈ యంత్రము, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో లెక్కగట్టి వాక్యములను కూర్చును. కనుక మాదిరులు ఎక్కువగా లభించు పనులు, అనగా మామూలు ప్రోగ్రాములు, ఉత్తరములు, సంక్షేపములు, దానికి సులువు. బైబిలులో లేని వచనమును ఉన్నట్లు చూపుటయు దానికి అంతే సులువు!

విశాఖ విషయము చూడుడి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము టీసీఎస్ సంస్థకు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరములు ఇచ్చుటకు నిర్ణయించినది. 12,000 ఉద్యోగములు వచ్చునని చెప్పబడినది. అదే సంవత్సరము జూలైలో ఆ సంస్థయే ప్రపంచవ్యాప్తముగా రెండు శాతము, అనగా 12,000 పైచిలుకు ఉద్యోగులను తగ్గింతునని ప్రకటించినది. కారణము కృత్రిమ మేధస్సు కాదు, నైపుణ్యములు పనికి సరిపడకపోవుటయే అని సంస్థ అధిపతి వివరించెను. నిరుద్యోగికి ఈ భేదము పెద్ద ఓదార్పు కాదు. అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో డేటా కేంద్రమును నిర్మింతునని ప్రకటించినది. డేటా కేంద్రము సాఫ్ట్‌వేర్ ఆఫీసు వంటిది కాదు. కట్టునప్పుడు అనేకులు కావలెను. నడుపుటకు కొద్దిమంది చాలుదురు, వారిలో విద్యుత్తు, శీతలీకరణ పనులు తెలిసినవారు ముఖ్యులు. ఐటీఐ చదువును చిన్నచూపు చూచు తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పవలసియున్నది.

యంత్రము పనిని మార్చుట ఈ ఊరికి క్రొత్త కాదు. 1933లో ప్రారంభమైన ఓడరేవులో 2003 నాటికి కంటెయినర్ టెర్మినల్ వచ్చినది. మనుష్యులు భుజములపై మోసిన సరకును క్రేనులు ఎత్తుచున్నవి. అయితే క్రేను కండబలము స్థానములో వచ్చినది. ఇప్పుడు వచ్చినది తొలిమెట్టు స్థానములో నిలుచుచున్నది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025 ఆగస్టులో ప్రచురించిన అధ్యయనము ప్రకారము, అమెరికాలో ఈ సాంకేతికత ఎక్కువగా తాకు వృత్తులలో 22 నుండి 25 ఏండ్లవారి ఉద్యోగములు సాపేక్షముగా 13 శాతము తగ్గినవి. అవే వృత్తులలోని అనుభవజ్ఞులకు అట్టి నష్టము కనబడలేదు. ఆ లెక్కను ఆంధ్రకు యథాతథముగా అన్వయింపరాదు. కారణము మాత్రము ఆలోచింపదగినది. క్రొత్తవాడు చేయు చిన్న పని సంస్థకు పని, వానికి పాఠము. యంత్రము ఆ పని చేసిపెట్టును గాని పాఠమును ఎవరికి ఇచ్చును?

ఇదే ప్రశ్న వేదాంత కళాశాలకును వర్తించును. ప్రసంగ సంక్షేపమడిగిన విద్యార్థికి క్షణములో మూడు అంశములు దొరకును; ఆ వచనముతో కుస్తీపట్టిన రాత్రి దొరకదు. నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలుకు పనితనముతో పాటు ఇతరులకు నేర్పు మనస్సును కూడ దేవుడిచ్చెనని చదువుచున్నాము. నేర్పువాడు లేని పనితనము ఒక తరముతో ఆగిపోవును.

కావున ద్వారకా నగర్‌లో కోర్సు వెదకు తల్లిదండ్రులతో, ఆ సంస్థలో కృత్రిమ మేధస్సు నేర్పుదురా అని మాత్రమే అడుగవద్దని కాపరి చెప్పవచ్చును. పిల్లవాడు స్వయముగా వ్రాసిన ప్రోగ్రామును ఎవరు చదివి దిద్దుదురు, వారానికి ఎన్నిసార్లు దిద్దుదురు అని అడుగమనవలెను.