గేరు మార్చునది చేయియా, యంత్రమా?

ఇంజను శక్తిని చక్రములకు తగిన పాళ్లలో అందించునది గేరుపెట్టె. దానిని మనుష్యుడే నడపవలెనా, యంత్రమునకు విడువవలెనా అను వాదము స్పోర్ట్స్ కారులు నడపువారిలో చాలకాలముగా సాగుచున్నది. మన పిల్లలలో పలువురు ఈ కారుల వేగములను కంఠస్థము చేయుచున్నారు గనుక, ఆ వాదములోని సారమును తల్లిదండ్రులకు తెలుపనెంచితిమి.

చేతి గేరు కారులో ఎడమకాలితో క్లచ్చి నొక్కి, గేరు మార్చి, మరల క్లచ్చి వదలవలెను. ఆ కొద్ది క్షణము ఇంజనుకును చక్రములకును సంబంధము తెగి, లాగుడు ఆగును. పూర్వపు ఆటోమేటిక్ పెట్టెలలో ఈ శ్రమ లేదు. కాని అవి మందముగా గేరు మార్చుటచే వేగప్రియులు వానిని మెచ్చలేదు.

జంట క్లచ్చిల పద్ధతి ఈ లోపమును తీర్చినది. ఒక క్లచ్చి 1, 3, 5 మొదలగు బేసి గేర్లను, రెండవది 2, 4, 6 మొదలగు సరి గేర్లను చూచుకొనును. కారు మూడవ గేరులో పోవుచుండగనే నాల్గవది సిద్ధమై యుండును. ఒక క్లచ్చి వదలుచుండగా రెండవది పట్టుకొనును. కావున లాగుడు తెగదు.

జర్మనీ దేశపు పోర్షె కంపెనీ ఈ పద్ధతిని 1980 దశకమున పందెపు కారులలో పరీక్షించి, 2008లో తన 911 కారున ప్రవేశపెట్టెను. 2013లో 911 జి.టి.3 అను వేగవంతమైన రకమును చేతి గేరు లేకయే విడుదల చేయగా, అభిమానులు పలువురు నొచ్చుకొనిరి. 2016లో ఆ కంపెనీయే చేతి గేరు మాత్రమే గల 911 ఆర్ కారులను 991 తయారుచేసెను. 2017లో జి.టి.3 యందును, కోరినవారికి చేతి గేరును మరల ఇచ్చెను.

2021 నాటి జి.టి.3 గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు జంట క్లచ్చిలతో 3.4 సెకనులు, చేతి గేరుతో 3.9 సెకనులు పట్టునని కంపెనీ ప్రకటించెను. అయినను ఆ అర సెకనును వదలుకొని చేతి గేరునే కొన్నవారు కలరు. వారి వాదమిది: మలుపునకు ముందు క్రింది గేరునకు దిగునపుడు, కుడిపాదముతో బ్రేకు నొక్కుచునే దాని అంచుతో యాక్సిలరేటరును తాకి ఇంజను వేగమును సరిపెట్టుట ఒక విద్య. యంత్రము ఆ పనిని తానే పొరపాటు లేక చేయును. కాని అపుడు ఆ నేర్పు చోదకునిది కాదు.

రెండవ పక్షము మాటయు త్రోసివేయదగినది కాదు. చేతులు రెండును స్టీరింగుపైననే నిలుచును. దృష్టి దారినుండి చెదరదు. ఊరి రద్దీలో ఎడమకాలికి నొప్పి లేదు. కావలసినపుడు స్టీరింగు వెనుకనున్న మీటలను వ్రేళ్లతో లాగి, తామే గేరు మార్చుకొనవచ్చును.

ఇందులో ఏది మేలని పిల్లలడిగినచో, దేనికి మేలని ముందుగా ఆలోచింపజేయుట మంచిదని మా అభిప్రాయము. గడియారమును గెలువవలెనన్నచో యంత్రమే మేలు. సాధన వలన వచ్చు పనితనమే కోరువానికి చేతి గేరు మేలు. యంత్రము శ్రమను తగ్గించుట హర్షణీయమే. అయినను నేర్చుకొనగోరువానికి ఆ అవకాశము మిగిలియుండుట గూడ న్యాయమని మేము తలచుచున్నాము.