ఫోన్‌లో అరెస్టు ఉండదు

మీ పేరుతో ఉన్న పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయంటూ ఒక ఫోను వస్తుంది. ఆ వెంటనే వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనక సీబీఐ బోర్డు, ‘డిజిటల్ అరెస్ట్’ అన్న మాట. గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు, విచారణ అయ్యేదాకా డబ్బంతా మేం చెప్పిన ఖాతాలో వేయండి అంటారు. ఇక్కడ ఎవరూ కంప్యూటర్‌లోకి చొరబడలేదు, పాస్‌వర్డ్ దొంగిలించలేదు. బాధితుడి చేతే సొమ్ము పంపించారు. అందుకే యాంటీవైరస్ ఒక్కటే మనల్ని కాపాడదంటాను. నేరగాడు గురిపెట్టేది మన భయానికి. ఆ భయం చల్లారకుండా ఉండాలంటే మనం ఒంటరిగా ఉండాలి. కాబట్టి ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న షరతే మోసానికి అసలు గుర్తు.

చదువుకున్నవాళ్లు ఇలాంటివి నమ్ముతారా అని కొందరి ప్రశ్న. బాధితుల్లో డాక్టర్లు, విశ్రాంత అధికారులు కూడా ఉన్నారు. పరువు పోతుందన్న బెదురు అలాంటివారికి ఎక్కువ. పైగా మన ఆధార్ నంబరు, చిరునామా అవతలివాడు చదివి వినిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ మన వివరాలు తెలిసినంత మాత్రాన వాడు పోలీసు అయిపోడు. మరి నిజంగానే కేసు ఉంటే, ఫోను పెట్టేయడం ముప్పు కాదా? కాదు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టాల్లో లేదు. 2024 అక్టోబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ సంగతే చెప్పారు. ఫోను పెట్టేసి, ఇంట్లోవాళ్లతో చెప్పి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో కనుక్కుంటే పోయేదేమీ లేదు. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము ఖాతాలు మారి చేజారకముందే కబురు అందితే, దాన్ని బ్యాంకులో నిలిపివేయించే అవకాశం ఉంటుంది.