ఆదోని పత్తి ధర ఫోన్లోకి రావాలంటే ఏ ఏపీఐ?

ఎమ్మిగనూరు రైతు పత్తి బండికెత్తే ముందు ఆదోని యార్డులో ధర ఎంత పలుకుతోందో చూసుకోవాలి. క్వింటాలుకు 200 రూపాయలు తేడా ఉంటే పది క్వింటాళ్లకు 2,000. ముప్పై కిలోమీటర్ల బాడుగ పోను ఏమైనా మిగులుతుందా అన్నది ఆ లెక్కే తేలుస్తుంది. ఆ ధర చూపే యాప్ రాయడానికి కూర్చున్న కుర్రాళ్లు తరచూ పడే మీమాంస: రెస్ట్ మంచిదా, గ్రాఫ్‌క్యూఎల్ మంచిదా?

ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ అడిగితే మరొకటి జవాబిచ్చే ఏర్పాటు. రెస్ట్ పద్ధతికి రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధన గ్రంథంలో రూపమిచ్చారు. అందులో ప్రతి సమాచారానికీ ఒక చిరునామా ఉంటుంది, దాన్ని తడితే ఉన్నదంతా వస్తుంది. గ్రాఫ్‌క్యూఎల్‌ను ఫేస్‌బుక్ 2012లో తన అవసరానికి తయారుచేసుకుని, 2015లో అందరికీ ఇచ్చింది. అది కిరాణా కొట్టుకు చీటీ పంపడం లాంటిది: రాసినవే వస్తాయి.

అనవసరమైనవి రాకపోతే డేటా ఆదా కదా అంటారు. లెక్క వేద్దాం. ప్రభుత్వ సమాచార వేదిక డేటా.గవ్.ఇన్‌లో ఉండే అగ్‌మార్క్‌నెట్ (మార్కెట్ యార్డుల ధరల వ్యవస్థ) ఒక్కో వరుసలో జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఉంటాయి. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. వరుసకు 300 అక్షరాలు అనుకుందాం. రెండు యార్డులు, పత్తి, వేరుశనగ, ఆముదం: ఆరు వరుసలు, 1,800 అక్షరాలు. ఫోన్‌తో తీసిన 2 ఎంబీ ఫొటోలో వెయ్యో వంతు కూడా కాదు. ఇంత చిన్న పనికి రెస్ట్ చాలు. ఒకే యాప్‌లో ధరలు, వాతావరణం, గోదాములు, అప్పులు అన్నీ కలిసి, ఒక్కో తెరకు ఒక్కో కలయిక కావాల్సి వచ్చినప్పుడు గ్రాఫ్‌క్యూఎల్ గురించి ఆలోచించండి.

అసలు ఖర్చు ఎన్నిసార్లు అడుగుతున్నాం అన్నదానిలో ఉంది. పది సెకన్లకోసారి అడిగే ఫోను రోజుకు 8,640 సార్లు తలుపు తడుతుంది. వెయ్యి ఫోన్లైతే 86 లక్షల 40 వేలు. రోజుకోసారి మారే ధరకు ఇదెందుకు? మీ సర్వర్ గంటకోసారి అడిగి దాచిపెడితే 24 సార్లతో సరి, ఫోన్లన్నీ అక్కడినుంచే తీసుకుంటాయి. క్షణక్షణం మారే వేలంపాట చూపాలంటే మాత్రం వెబ్‌సాకెట్, అంటే తెరిచి ఉంచిన లైను, కావాలి.

ఇంకొక జాగ్రత్త. యార్డుకు సెలవైతే ఆ రోజు వరుసే ఉండదు. నిన్నటి ధరను తేదీ లేకుండా చూపిస్తే, దాన్ని నమ్మి పత్తి బండికెత్తిన రైతు మూసిన గేటు ముందు నిలబడతాడు. ధర ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తే తేదీ కూడా అంతే పెద్దగా వేయండి.