ఎముకలు చెప్పే మేకల కథ

రాజులకు శాసనాలున్నాయి, నాణేలున్నాయి, కోటలున్నాయి. కొండల్లో మేకలు కాచుకుని బతికిన ఆదిమ మానవుడి చరిత్ర తెలుసుకునేదెలా? అతడు తిని పారవేసిన ఎముకలే అతని శాసనాలంటే వింతగా తోచవచ్చు. కాని అది నిజం.

పశ్చిమ ఇరాన్‌లో జాగ్రోస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి సుమారు 1400 మీటర్ల ఎత్తున, గంజ్ దరే అనే దిబ్బ ఉంది. ఆ మాటకు అర్థం నిధి లోయ. కెనడాకు చెందిన ఫిలిప్ స్మిత్ అక్కడ 1965లో తవ్వకాలు ప్రారంభించాడు. దొరికింది బంగారం కాదు. మట్టిగోడలు, గుట్టలకొద్దీ ఎముకలు. వాటిలో చాలా భాగం మేకలవి. వాటి వయస్సు దాదాపు 10,000 ఏళ్లు!

అవి వేటాడిన అడవిమేకలా, పెంచుకున్న మేకలా? ఎముకల పరిమాణం చూస్తే తేల్చడం సాధ్యం కాదు. ఆ కాలపు మేకలు ఇంకా అడవిమేకలంత పెద్దవే. అందుకని శాస్త్రజ్ఞులు వేరే ప్రశ్న వేసుకున్నారు: చచ్చినవి ఏవి, ఏ వయసులో?

లేత వయసులో కాలి ఎముక చివరలు విడిగా ఉంటాయి. వయసు వస్తున్నకొద్దీ ఒక్కొక్కటే అతుక్కుపోతాయి. ఏ చివర ఎప్పుడు అతుక్కుంటుందో తెలుసు గనుక, చచ్చేనాటికి మేకకు ఎంత వయసో లెక్క కట్టవచ్చు. పోతు ఎముక లావు, పెంటిది సన్నం. కాబట్టి ఆడదో మగదో కూడా తెలుస్తుంది.

మెలిండా జీడర్, బ్రయన్ హెస్ అనే శాస్త్రజ్ఞులు ఈ లెక్కలు కట్టి 2000లో ప్రకటించారు. వేటగాడి చూపు బాగా ఎదిగిన పోతుమీద ఉంటుంది. మాంసం ఎక్కువ గదా! గంజ్ దరేలో అందుకు విరుద్ధం. పోతుల్లో ఎక్కువ భాగం పూర్తిగా ఎదగకముందే కోతకు పోయాయి. పెంటి మేకలు చాలాకాలం బతికాయి.

దీని భావమేమిటో మన ఊళ్లో మేకలు కాసే ఏ తాతనడిగినా చెబుతాడు. మంద పెరగాలంటే ఈనేవాటిని కాపాడుకోవాలి; పోతులు నాలుగైదుంటే చాలు. ఈనాటి ఆకలిని కాక వచ్చే ఏటి ఈతను తలచుకున్న మనిషి అక్కడ పుట్టాడన్నమాట. 2021లో ప్రకటించిన జన్యుపరీక్షలు కూడా ఆ మందల్లో కొద్దిపాటి పోతుల వంశాలే సాగాయని సూచించాయి.

ఇంకొక చక్కని సాక్ష్యం ఉంది. అక్కడి పచ్చి ఇటుకలమీద మేకల గిట్టల జాడలు పడివున్నాయి. ఆరబెట్టిన ఇటుకల్ని తొక్కుకుంటూ పోయాయంటే, అవి ఇంటి చుట్టూ తిరిగే మేకలే గదా!

ఇలాంటి జాడలు మన నేలమీదా ఉన్నాయి. 1957లో పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో ఆల్చిన్ అనే పండితుడు బూడిదదిబ్బను తవ్వితే, కొత్తరాతియుగపు పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. ఆ బూడిద పశువుల దొడ్లలో కాలిన పేడ.

ఒకప్పుడు తవ్వకాల్లో కుండలు, నగలు దాచి, ఎముకల్ని గంపలకెత్తి పారబోసేవారు. పేరూ ఊరూ లేని కాపరుల చరిత్ర ఎంత ఆ గంపలతో పోయిందో!